కరణీకం నుంచి కమిషను దాకా

ఆంధ్రదేశంలోని చుట్టాలతో రాకపోకలు నిలుపుకున్న మన కుటుంబాలకు “గ్రూప్ వన్”, “గ్రూప్ టూ” అనే మాటలు కొత్తవి కావు. ఫలానావారి అబ్బాయి గ్రూప్ టూకి చదువుతున్నాడనీ, ఫలితాలు వచ్చిన తరువాతనే పెళ్ళి మాట అనీ వింటూనే ఉంటాము. ఈ మారిషస్ గడ్డమీద పుట్టి పెరిగిన మన పిల్లలు “ఆ పరీక్ష ఏమిటి? దానికోసం అన్నేళ్ళు కూర్చోవడం దేనికి?” అని అడిగితే మాత్రం మనలో చాలామందిమి నీళ్ళు నములుతాము. ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ వెనక్కు పోతే, చివరకు మన పూర్వులు విడిచి వచ్చిన పల్లె దగ్గరకే చేరుకున్నాము.

పందొమ్మిదవ శతాబ్దంలో మనవారు కోరంగి రేవునుంచి ఓడలెక్కి వచ్చారు. అందుకే ఇక్కడ మనకు చాలాకాలం కోరంగీలనే పేరు నిలిచింది. వారి పల్లెలో సర్కారు అంటే ఎవరు? గవర్నరూ కాదు, కలెక్టరూ కాదు. భూమి లెక్కలు రాసే కరణం, శిస్తు వసూలు చేసే మునసబు. ఈ ఉద్యోగాలు తండ్రి తరువాత కొడుకుకు దక్కేవి. 1895లో మద్రాసు ప్రభుత్వం చేసిన గ్రామోద్యోగాల చట్టం ఈ వారసత్వానికి శాసనబలం కూడా ఇచ్చింది. కరణం రాసిందే లెక్క. ఆ కలం ఒక ఇంటినుంచి మరొక ఇంటికి మారే దారి దాదాపు లేదు. మనవారు సముద్రం దాటడానికి కరువులూ, అప్పులూ కారణాలని పెద్దలు చెబుతారు. పుట్టిన ఊళ్ళో పైకి వచ్చే దారి మూసుకుపోయి ఉండడం కూడా ఒక కారణమేమోనని మాకు తోస్తుంది.

పై ఉద్యోగాల సంగతి మరొక విధం. ఐ.సి.ఎస్. పోటీ పరీక్ష 1855లోనే మొదలైంది గాని, అది లండనులో జరిగేది. భారతదేశంలో ఆ పరీక్ష రాసే వీలు 1922కు గాని కలగలేదు. ఇక చిన్న ఉద్యోగాలకు దొరగారి దయో, కచేరీలో ఎరిగినవారి సిఫారసో ఉండాలి. మద్రాసు రాజధానిలో ఉద్యోగాలన్నీ కొద్ది కులాల చేతిలో పోగుపడ్డాయని జస్టిస్ పార్టీవారు లేవదీసిన ఫిర్యాదు ఊరికే పోలేదు. తెలుగువాడైన పానగల్లు రాజా ప్రధానమంత్రిగా ఉండగా, 1921లో, అన్ని వర్గాలకూ ఉద్యోగాలలో పాలు ఉండాలని ఉత్తర్వు వెలువడింది. అయితే ఆ పాలు పంచేది ఎవరు? మంత్రులే పంచితే దొర దయ పోయి మంత్రి దయ వచ్చినట్లవుతుంది.

1929లో మద్రాసు శాసనసభ చట్టం చేసి సర్వీసు కమిషనును ఏర్పరచింది. అధ్యక్షునితో కలిపి ముగ్గురే సభ్యులు. కేంద్రంలో 1926లోనే ఒక కమిషను వచ్చింది గాని, రాష్ట్రాలలో ఇదే మొట్టమొదటిది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసులోనివే గనుక ఈ గౌరవంలో మనకూ వాటా ఉంది. 1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు ఆంధ్ర సర్వీసు కమిషను వేరుపడింది. 1956 నవంబరులో అదీ, హైదరాబాదు కమిషనూ కలిసి ఆంధ్రప్రదేశ్ పబ్లిక్ సర్వీస్ కమిషను అయింది.

దీని అధికారం ఎంత అన్నది అసలు ప్రశ్న. మన మారిషస్ రాజ్యాంగంలోనూ పబ్లిక్ సర్వీస్ కమిషను ఉన్నది. ఇక్కడ ప్రభుత్వోద్యోగంలో నియమించే అధికారం ఆ కమిషనుదే. భారతదేశంలో అలా కాదు. అక్కడ రాష్ట్ర కమిషను పరీక్ష పెడుతుంది, ఎంపిక చేస్తుంది, సిఫారసు చేస్తుంది. నియామకపు ఉత్తర్వు మాత్రం ప్రభుత్వానిదే. ప్రమోషన్లు, క్రమశిక్షణ వ్యవహారాలలో కూడా కమిషనును సంప్రదించాలని రాజ్యాంగంలోని 320వ అధికరణం చెబుతున్నది. కాని సంప్రదించనంత మాత్రాన ప్రభుత్వం చేసిన పని రద్దుకాదని సుప్రీంకోర్టు 1957లోనే తేల్చింది.

అయితే ఇది కోరలు తీసిన పామేనా? అలా అనుకోవడం తొందరపాటు. సభ్యులను గవర్నరు నియమిస్తాడు, కాని తీసివేయలేడు. దుష్ప్రవర్తన ఆరోపణ వస్తే సుప్రీంకోర్టు విచారణ జరగాలి, ఆపైన రాష్ట్రపతి ఉత్తర్వు కావాలి. పదవి దిగిన సభ్యుడు కమిషన్లలో తప్ప వేరే సర్కారీ ఉద్యోగంలో చేరరాదు; రేపటి కొలువు ఆశతో ఈనాడు తలవంచకుండా చేసిన ఏర్పాటిది. కమిషను ఖర్చు శాసనసభ ఓటుకు లోబడదు. అన్నిటికన్న మాకు నచ్చినది మరొకటి: ఏటా కమిషను ఇచ్చే నివేదికను శాసనసభ ముందు పెట్టి, ఏ సలహాను ఎందుకు పాటించలేదో ప్రభుత్వం చెప్పుకోవాలి. కాదనే హక్కు ప్రభుత్వానికి ఉంది గాని, చాటున కాదనే హక్కు లేదు.

ఇంత ఏర్పాటు జరిగినా పల్లెలో వారసత్వం చెక్కుచెదరలేదు. గుంటూరు జిల్లా తెనాలి తాలూకాలో ఒక గ్రామాన్ని విడదీసి పెరవలిపాలెమనే కొత్త గ్రామాన్ని ఏర్పరచారు. దానికి మునసబు ఎవరన్న తగాదా సుప్రీంకోర్టు దాకా పోయింది. పాత మునసబు వంశీకుడన్న కారణంతో ఒకరికి ఉద్యోగమిచ్చి మరొకరిని కాదనడం రాజ్యాంగంలోని 16వ అధికరణానికి విరుద్ధమని 1960 డిసెంబరులో తీర్పు వచ్చింది. మునసబు పని చిన్నదే. తీర్పు చిన్నది కాదు. అయినా కరణం, మునసబు పదవులను పూర్తిగా ఎత్తివేయడం 1984లో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వంవల్ల జరిగింది.

వంశం పోయినా తగవు పోలేదు. ఈసారి అది ఊరి పేరుతో వచ్చింది. నిజాం రాజ్యంలో బయటివారు కొలువులన్నీ పట్టుకుపోతున్నారన్న బాధ పాతది. పదిహేనేళ్ళు నివాసముంటేనే ముల్కీ అన్న నియమం 1919 ఫర్మానాది. 1952లో ముల్కీ ఉద్యమం మీద హైదరాబాదులో కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. తెలంగాణ నివాసులకే ఉద్యోగాలు కేటాయించిన చట్టాన్ని 1969లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. 1972లో ముల్కీ నియమాలు చెల్లుతాయన్నది. మొదటి ఏడు తెలంగాణ అట్టుడికింది, రెండో ఏడు కోస్తా రాయలసీమలు. అన్నదమ్ములు ఇట్లా విడిపోయిన నాటి సంగతి తలచుకుంటే దూరాననున్న మనకూ కష్టంగానే ఉంటుంది. 1973 ఆరుసూత్రాల పథకం, 371-డి అధికరణం, 1975 రాష్ట్రపతి ఉత్తర్వు వీటినుంచి పుట్టినవే. నాటినుంచి కమిషను ఎంపికలో మార్కులతోబాటు, అభ్యర్థి ఎక్కడ చదివాడన్నదీ చూడవలసివచ్చింది. ఈ సర్దుబాటు అమలు కాలేదన్న అసంతృప్తి తెలంగాణ ఉద్యమానికి బలమైన కారణాలలో ఒకటి.

2014లో రాష్ట్రం రెండైంది, కమిషన్లూ రెండైనాయి. తెలంగాణలో మొదటి గ్రూప్ వన్ ప్రకటన 2022లో గాని రాలేదు. ఆ అక్టోబరులో జరిగిన ప్రాథమిక పరీక్షను ప్రశ్నపత్రాలు బయటికి పొక్కినందున 2023 మార్చిలో రద్దుచేశారు. జూన్‌లో మళ్ళీ పెట్టిన పరీక్షను సెప్టెంబరులో హైకోర్టు రద్దుచేసింది. 2024లో కొత్త ప్రకటన వచ్చి, జూన్‌లో మూడవసారి జరిగింది. ఏ దయాదాక్షిణ్యాలూ అక్కరలేదన్న నమ్మకంతో పుస్తకం పట్టిన పిల్లలు అదే మెట్టు దగ్గర మూడుసార్లు నిలబడ్డారు. చుట్టాలబ్బాయి అన్నేళ్ళు ఎందుకు కూర్చున్నాడని మన పిల్లలు మళ్ళీ అడిగితే, కరణంగారి కలం కథతో మొదలుపెట్టి ఇక్కడిదాకా చెప్పండి.