పుట్టమన్ను, పాత ఇత్తడి: ఓజాల కార్ఖానా

1926లో మొహెంజొదారో తవ్వకాల్లో 10.5 సెంటీమీటర్ల కంచు బొమ్మ దొరికింది. పాఠ్యపుస్తకంలో ‘నాట్యకత్తె’ పేరుతో మీరంతా చూసిందే. మైనాన్ని కరిగించి లోహం పోసే పద్ధతిలో దాన్ని చేశారు. కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా ఉషెగావ్, కేస్లాగూడల్లో ఓజాలు నేటికీ ఆ పద్ధతిలోనే ఇత్తడి పోస్తారు. గోండుల దేవతామూర్తులు, గంటలు, గజ్జెలు, దీపాలు వీరి చేతుల్లోనే తయారయ్యాయి. కోటల చరిత్ర పుస్తకాల్లో ఉంది. ఈ కార్ఖానా చరిత్రను మనమే రాసుకోవాలి.

ఈ పనికి పెద్ద భవనం అక్కర్లేదు. పందిరి, కొలిమి, నీడ చాలు. మన్ను, ఊక, తేనెమైనం, గుగ్గిలం చుట్టుపక్కల దొరికేవే. ఇత్తడి మాత్రం పగిలిన బిందెలు, పాత చెంబుల నుంచి వస్తుంది. ముందు మట్టితో లోపలి ముద్ద చేసి, దానిపై సన్నని మైనం తీగలు చుట్టి రూపం ఇస్తారు. దానిపై మెత్తని మట్టి, ఆపైన ఊక కలిపిన ముతక మట్టి పూస్తారు. ఆరాక కాలిస్తే మైనం కారిపోతుంది. ఆ ఖాళీలో కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక అచ్చు పగలగొడతారు. పోత చెడినా ఇత్తడి వృథా కాదు, మళ్లీ కొలిమికే వెళ్తుంది.

మన ఊళ్లో ఇలాంటి చిన్న కార్ఖానా కట్టాలంటే ఈ పని నుంచే కొలతలు తీసుకోవాలి. కూల్చిన ఇళ్ల దూలాలు, గూన పెంకులు, వెదురు తడికెలు సరిపోతాయి. కొలిమిపై గడ్డికప్పు వద్దు, పెంకులే వేయాలి. ఇత్తడి పొగ ఊపిరితిత్తులకు హాని చేస్తుంది కాబట్టి పక్కలు తెరిచే ఉంచాలి. అచ్చులు ఆరబెట్టడానికి వాన తగలని చోటు వేరుగా కావాలి. తడి మిగిలితే లోహం పోయగానే ఆవిరి పుట్టి అచ్చు పగలొచ్చు. లెక్క కూడా నేర్చుకోండి: 100 గ్రాముల మైనానికి దాదాపు 900 గ్రాముల ఇత్తడి కావాలి.

2018లో ఆదిలాబాద్ డోక్రాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు పేరును కాపాడుతుంది, పనిని నేర్పదు. మట్టి ఎంత ఆరిందో, ఇత్తడి పోయడానికి ఎప్పుడు సిద్ధమైందో పెద్దల చేతులకు, కళ్లకు తెలుసు. పందిరి ఎప్పుడైనా వేసుకోవచ్చు, ఆ చేతులు పోతే తిరిగి రావు. ఈ వేసవి సెలవుల్లో పని తెలిసిన ఒక పెద్దాయన దగ్గర కూర్చోండి. మన్ను కలపడం నుంచి మొదలుపెట్టండి. నేర్చుకున్నది నోటుపుస్తకంలో రాసి పెట్టండి.