నాయన చూసిన షోలవరం

నా పుట్టినరోజు వచ్చిందంటే మా పుట్టింట్లో ఒక పాత తగాదా లేస్తుంది. నేను పుట్టిన రోజు మా నాయన చిత్తూరు ఆసుపత్రిలో లేడు, షోలవరంలో కారు పందేలు చూస్తున్నాడు. "బిడ్డ మొకం కంటే ఆ కార్ల పొగే ముద్దయింది ఆయనకు" అని అమ్మ నలభై ఏండ్లుగా అంటూనే ఉంది.

నేనూ అమ్మ పక్షమే. ఇంతకీ ఏముండేది ఆ షోలవరంలో అని ఈమధ్య నాయనను కూర్చోబెట్టి అడిగాను.

మద్రాసుకు ఉత్తరాన రెడ్ హిల్స్ దాటితే షోలవరం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అక్కడ విమానాలు దిగడానికి రన్‌వే వేశారు. యుద్ధం ముగిశాక అది ఖాళీగా మిగిలింది. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దాన్నే పందేల బాటగా చేసుకుంది. సంస్థానాధీశుల విదేశీ కార్లూ వచ్చేవి. కానీ నాయనకు ఇష్టమైనవి అవి కావు. మన వీధుల్లో తిరిగే ఫియట్లు, అంబాసిడర్లు, హెరాల్డులు. సీట్లు పీకేసి, బరువు తగ్గించి, ఇంజనుకు పదును పెట్టి దించేవాళ్ళు. అమెరికాలో పేరుమోసిన స్టాక్ కార్ల పందేలు కూడా ఇలా ఇంటి కార్లతో మొదలైనవే. 1959లో డేటోనాలో పెద్ద ట్రాక్ కట్టకముందు అక్కడి సముద్రపు ఒడ్డున ఇసుక మీదే పరిగెత్తించేవాళ్ళు.

నాయన షెడ్డులో మెకానిక్కు. రాత్రి బస్సెక్కి మద్రాసు చేరి, ఇంకో బస్సు పట్టుకుని పోయేవాడు. ఎండలో నిలబడి, అమ్మ కట్టిచ్చిన చింతపండు పులిహోర తినేవాడు. మలుపు దగ్గరే నిలబడాలంట, బ్రేకు కొట్టేవాడి పనితనం అక్కడే తెలుస్తుందంట. "దినామూ కిందపండి చూసే బండి మ్మా అది. అదే గాలిలా పోతా ఉంటే, నా చేతి పనికీ ఒక మర్యాద ఉందనిపిస్తాది" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సుమారు 3.7 కిలోమీటర్ల అసలైన ట్రాక్ వచ్చింది. పందేలు అక్కడికి మారిపోయాయి. కోయంబత్తూరు కరివర్ధన్ మారుతి ఇంజన్లతో చిన్న రేసు కార్లు తయారుచేశారు. అదే ఊరి నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌లో నడిపిన తొలి భారతీయుడయ్యాడు. ఆరోజు నాయన వీధంతా మిఠాయి పంచాడు.

పోయిన నెల నాయన కంటి చూపు కోసం చెన్నై పోతూ ఆ ట్రాక్ దారిలోనే వెళ్లాం. కారు ఆపమన్నది అమ్మే! ఆరోజు పందేలు లేవు, గేటు మూసుంది. నాయన కాసేపు అట్లే చూస్తూ నిలబడ్డాడు.

"నన్నూ ఒకసారి తోడుకోని పోయింటే నేనూ చూసిందును గదా" అంది అమ్మ మెల్లగా.

నలభై ఏండ్ల కోపం పందేల మీద కాదన్నమాట. ఈసారి పందేలకు ఇద్దరికీ టికెట్లు తీస్తాను. పులిహోర నేను కలుపుతాను.