రసాయన ప్రక్రియల గతిశీల నమూనాలు: చరిత్ర

రసాయన కర్మాగారంలో ఉష్ణోగ్రత, పీడనం, ద్రవమట్టం, మిశ్రమాల గాఢత కాలంతో పాటు ఎలా మారతాయో సమీకరణాల్లో చెప్పేదాన్ని గతిశీల నమూనా అంటారు. స్థిరస్థితి లెక్కలు ప్లాంటు నిలకడగా నడిచేటప్పుడు ఎక్కడుంటుందో చెబుతాయి. స్టార్టప్‌లో అక్కడికి ఎలా చేరుతుంది, వాల్వు కాస్త కదిలితే అక్కడే నిలుస్తుందా అన్నది చెప్పవు. గతిశీల నమూనాకు మూలసూత్రం తేలికైనదే: పాత్రలో నిల్వ మారే వేగం అంటే లోపలికి వచ్చేది, చర్యలో పుట్టేది కలిపి, బయటికి పోయేది తీసివేయగా మిగిలేది. దీన్ని ఒక్కో పదార్థానికీ, శక్తికీ విడివిడిగా రాస్తే అవకలన సమీకరణాలు వస్తాయి. ఈ సూత్రాలు పంతొమ్మిదో శతాబ్దానికే తెలుసు. లేనిదల్లా ఆ సమీకరణాలను సాధించే సాధనం. అందువల్ల ఈ రంగం చరిత్రలో సగం లెక్కలు చేసే యంత్రాల చరిత్రే.

తొలి అడుగులు

ఆవిరి యంత్రాల వేగాన్ని అదుపుచేసే గవర్నర్లు ఎప్పుడు నిలకడగా పనిచేస్తాయో, ఎప్పుడు ఊగిసలాడతాయో 1868లో జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ అవకలన సమీకరణాలతో చూపారు. రసాయన పరిశ్రమ మాత్రం చాలాకాలం ఆ దారి పట్టలేదు. 1915లో ఆర్థర్ డి. లిటిల్ ప్రతిపాదించిన ‘యూనిట్ ఆపరేషన్స్’ భావన, 1923లో వాకర్, లూయిస్, మెక్‌ఆడమ్స్ రాసిన పాఠ్యగ్రంథం కెమికల్ ఇంజనీరింగ్‌కు ఒక రూపం ఇచ్చాయి గానీ, వాటి దృష్టి ఎక్కువగా స్థిరస్థితి మీదే. పరికరం ఎంత పెద్దదిగా ఉండాలో తేలితే చాలన్నది అప్పటి అవసరం.

మలుపు ఇంగ్లండులో వచ్చింది. బ్రిటిష్ రసాయన సంస్థ ఐసీఐకి చెందిన ఆల్బర్ట్ క్యాలెండర్‌ను వేధించిన సమస్య కాలవిలంబం: నియంత్రణ పరికరం చేసిన మార్పు ఫలితం కొంత ఆలస్యంగా గాని కనబడదు, ఈలోగా పరికరం అవసరానికి మించి సరిదిద్దేస్తుంది. ఆ సమస్య సమీకరణాలు మాంచెస్టర్‌లోని గణితవేత్త డగ్లస్ హార్ట్రీ దగ్గరికి చేరాయి. హార్ట్రీ అంతకుముందే, 1934లో, విద్యార్థి ఆర్థర్ పోర్టర్‌తో కలిసి పిల్లల మెకానో ముక్కలతో ‘డిఫరెన్షియల్ అనలైజర్’ అనే యంత్రం నమూనా కట్టి ఉన్నారు. తిరిగే బిళ్లలు, ఇరుసులతో సమీకరణాలను సాధించే యంత్రమది. ఈ ముగ్గురూ కలిసి 1936లో రాయల్ సొసైటీ పత్రికలో ప్రచురించిన వ్యాసం ప్రక్రియా నియంత్రణకు గణిత పునాది వేసిన తొలి రచనల్లో ఒకటి.

1942లో అమెరికాలోని టేలర్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఇంజనీర్లు జీగ్లర్, నికోల్స్ ఇంకా దగ్గరి దారి చూపారు. కంట్రోలర్ గుణకాన్ని పెంచుతూ పోయి, ప్రక్రియ ఆగకుండా ఊగే చోట ఆ గుణకాన్నీ ఊపు కాలాన్నీ రాసుకుంటే చాలు, సెట్టింగులు వాటి నుంచే వస్తాయి. అంటే ప్లాంటు మొత్తం రెండు అంకెల్లోకి కుదించుకుపోయింది. ఎంత మొరటుదైనా, ఎనభై ఏళ్లు దాటినా ఈ పద్ధతిని పాఠ్యపుస్తకాలు వదల్లేదు.

రియాక్టర్ దగ్గర

నియంత్రణ గదిలో పుట్టిన నమూనాలకు లోతు వచ్చింది రియాక్టర్ల అధ్యయనంతోనే. ఉష్ణాన్ని విడుదల చేసే చర్య జరుగుతున్న కలియబెట్టే ట్యాంకును తీసుకుందాం. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ చర్య వేగం మొదట నెమ్మదిగా, తర్వాత విపరీతంగా పెరుగుతుంది; ముడిపదార్థం అయిపోవస్తుంటే మళ్లీ చదునవుతుంది. అందువల్ల పుట్టే వేడి గీత ఇంగ్లీషు ‘ఎస్’ అక్షరంలా వంపు తిరుగుతుంది. జాకెట్‌లో పారే చల్లనీరు, బయటికి పోయే ద్రవం మోసుకుపోయే వేడి మాత్రం దాదాపు సరళరేఖ. ఈ రెండూ మూడు చోట్ల ఖండించుకోవచ్చు. కింది బిందువు దగ్గర చర్య దాదాపు ఆరిపోయి ఉంటుంది, పై బిందువు దగ్గర మండుతూ ఉంటుంది. మధ్య బిందువు దగ్గర ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగినా పుట్టే వేడి పోయే వేడిని మించిపోయి రియాక్టర్ పైకి ఎగబాకుతుంది, తగ్గితే కిందికి జారిపోతుంది. స్థిరస్థితి లెక్కలో ఈ మూడూ సరైన సమాధానాలే. మధ్యది నిలవదని తెలియాలంటే కాలాన్ని లెక్కలోకి తేవాల్సిందే.

ప్లాటినం మీద అమ్మోనియా ఆక్సీకరణం విషయంలో ఈ సంగతిని లిలియెన్‌రోత్ 1918లోనే రాశారు గానీ ఎక్కువమంది పట్టించుకోలేదు. 1953లో డచ్ ఇంజనీరు వాన్ హీర్డెన్, తన వేడితోనే తాను నడిచే ప్రక్రియల గురించి రాస్తూ ఈ రేఖల చిత్రాన్ని మళ్లీ ముందుకు తెచ్చారు. 1955లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఒలేగ్ బిలూ, నీల్ అమండ్‌సన్ ఇంకో అడుగు వేశారు: స్థిరస్థితి చుట్టూ సమీకరణాలను సరళీకరించి, అది నిలుస్తుందో లేదో తేల్చే పద్ధతి చూపారు. అమండ్‌సన్ డాక్టరేట్ గణితశాస్త్రంలో కావడం ఇక్కడ కలిసొచ్చింది. ఐసీఐలో పనిచేసి వచ్చిన రూథర్‌ఫర్డ్ ఆరిస్‌తో కలిసి 1958లో ఆయన ఈ విశ్లేషణను నియంత్రణతో నడిచే రియాక్టర్లకు విస్తరించారు.

ఈ నమూనాలన్నిటి వెనుకా ఒక ఊహ ఉంది: ట్యాంకులోని ద్రవం బాగా కలిసిపోయి అంతటా ఒకే ఉష్ణోగ్రతలో ఉందని. 2020 మే 7న విశాఖపట్నంలో 12 మంది ప్రాణాలు తీసిన స్టైరీన్ ఆవిరి లీకేజీ దుర్ఘటన ఆ ఊహ ఎక్కడ కూలుతుందో చూపింది. నిల్వ ట్యాంకులో స్టైరీన్ తనంతట తాను పాలిమర్‌గా మారుతూ వేడిని విడుదల చేసింది. ద్రవం సరిగా కలవక పొరలు ఏర్పడితే అడుగున కొలిచే ఉష్ణోగ్రత పై పొరల సంగతి చెప్పదు.

డిస్టిలేషన్ కాలమ్, కంప్యూటర్

రియాక్టర్ తర్వాతి సవాలు డిస్టిలేషన్. రెండు ద్రవాలను మరిగించి వేరుచేసే 40 ట్రేల కాలమ్‌కు ఒక్కో ట్రే మీద నిల్వ, గాఢత అని రాసుకుంటే దాదాపు 80 సమీకరణాలవుతాయి. ఒక్కో ట్రే దాటడానికి ద్రవపు అలకు అయిదు సెకన్లు పడుతుందనుకుంటే, పైన రిఫ్లక్స్ (తిరిగి కాలమ్‌లోకి పంపే ద్రవం) పెంచిన ప్రభావం అడుగుకు చేరేసరికి మూడు నిమిషాలు దాటుతుంది. ఆవిరి పెంచితే మాత్రం పైదాకా తెలియడానికి ఎంతోసేపు పట్టదు. గాఢతలు మళ్లీ కుదురుకోవడానికి గంటలు పట్టవచ్చు. సెకన్లూ గంటలూ ఒకే లెక్కలో కలిస్తే మామూలు సంఖ్యా పద్ధతులు చిన్నచిన్న అంగలతో ఈడ్చుకుంటూ పోతాయి. 1952లో కర్టిస్, హిర్ష్‌ఫెల్డర్ ఈ మొండితనాన్ని గుర్తించారు. 1971లో ఇలాంటి సమీకరణాల కోసం గియర్ అనే శాస్త్రవేత్త రూపొందించిన పద్ధతులు ప్రాచుర్యంలోకి వచ్చాకగాని ఇంజనీర్లు ఊపిరి పీల్చుకోలేదు.

లండన్ ఇంపీరియల్ కాలేజీలో రోజర్ సార్జెంట్, ఆర్థర్ వెస్టర్‌బర్గ్ 1964లో మొదలుపెట్టిన ‘స్పీడప్’, సమీకరణాలను రాసే పని మనిషికి, సాధించే పని యంత్రానికి అప్పగించే ధోరణికి నాంది పలికింది. 1973లో లీహై విశ్వవిద్యాలయం ఆచార్యుడు విలియం లూబెన్ రాసిన పాఠ్యపుస్తకం ఈ విద్యను తరగతి గదికి చేర్చింది. 1982లో లిండా పెట్జోల్డ్ ‘డాసల్’ ప్రోగ్రాం అవకలన, బీజగణిత సమీకరణాలను కలిపి సాధించే వీలు కల్పించింది.

పరిశ్రమలో బాగా డబ్బు సంపాదించిపెట్టిన నమూనాలు మాత్రం వీటి సంతతి కావు. షెల్ సంస్థకు చెందిన కట్లర్, రమేకర్ 1979లో వెల్లడించిన ‘డైనమిక్ మ్యాట్రిక్స్ కంట్రోల్’‌కు ద్రవ్య, శక్తి సమీకరణాలతో పనిలేదు. వాల్వును ఒక అడుగు కదిపి, ఫలితం ఎలా వస్తుందో నిమిషనిమిషానికీ రాసుకున్న అంకెల వరుసే దాని నమూనా. సిద్ధాంతకర్తలకు ఇది అంతగా రుచించకపోయినా, రిఫైనరీలకు కావలసింది అదే.

1993లో ఈస్ట్‌మన్ కెమికల్ సంస్థకు చెందిన డౌన్స్, వోగెల్ ఒక నిజమైన ప్రక్రియను ఆధారం చేసుకుని, పదార్థాల పేర్లు దాచి, ఏ నుంచి హెచ్ దాకా అక్షరాలతో సూచించి, ఫోర్ట్రాన్ నమూనాను పరిశోధకుల ముందుంచారు. అందులో 41 కొలతలు, 12 నియంత్రణ చరరాశులు, 20 రకాల అవాంతరాలు. నియంత్రణ పద్ధతులను పోల్చేందుకు రూపొందించిన ఈ ‘టెనెస్సీ ఈస్ట్‌మన్’ సమస్యను ఇప్పుడు ప్లాంటులో లోపాలను ముందుగా పసిగట్టే మెషిన్ లెర్నింగ్ పద్ధతులను పరీక్షించడానికీ విరివిగా వాడుతున్నారు.