తేనెటీగా, సింహమూ ఒకే లిస్టులో

1999లో న్యూయార్క్ నగరం తన హెల్త్ కోడ్‌లో ఇళ్ళల్లో పెంచకూడని ప్రాణుల లిస్టు పెట్టింది. సింహాలు, ఎలుగుబంట్లు, మొసళ్ళు, కొండచిలువలు... ఇంతవరకూ బానే ఉంది. కానీ విషం ఉన్న కీటకాలు అంటూ కందిరీగల పక్కనే తేనెటీగనీ ఇరికించారు. కుడుతుంది కదా మరి! కోడ్ రాసే మనకి ఈ జబ్బు తెలిసిందే. ఒక్కో కేసూ విడిగా చూసే ఓపిక లేక అన్నిటినీ ఒకే బ్లాక్‌లిస్టులో పడేస్తాం.

ఇక్కడ దెబ్బ తగిలింది మేడల మీద తేనెటీగల పెట్టెలు పెట్టుకున్నవాళ్ళకి. పట్టుబడితే 2000 డాలర్ల దాకా జరిమానా. అయినా మానలేదు. పెట్టెలు కనబడకుండా రంగులేసి దాచి, దొంగచాటుగా పెంచారు. చాటుగా పెంచేవాడు ఈగల గుంపు లేచి పక్కింటి కిటికీ మీద వాలితే నావేనని ఒప్పుకోడు కదా. భద్రత కోసం పెట్టిన నిషేధం ఉన్న భద్రతనీ తీసేసిందని నా గొడవ.

ఇదేమీ కొత్త తగాదా కాదు. క్రీస్తు పూర్వం ఏథెన్స్‌లో సోలన్ చేసిన చట్టం గురించి ప్లూటార్క్ రాశాడు: ఒకరి తేనెపట్లకి 300 అడుగుల దూరంలో ఇంకొకరు పెట్టుకోవాలట. దూరం చెప్పాడు గానీ వద్దనలేదు. అమెరికాలోనే ఆర్కడెల్ఫియా అనే ఊరు తేనెటీగల్ని పూర్తిగా నిషేధిస్తే, 1889లో ఆర్కన్సా సుప్రీంకోర్టు కొట్టేసింది. తేనెటీగలు పెంచడమే ఒక న్యూసెన్స్ కాదు, అయిందో లేదో ఏ కేసుకా కేసు తేల్చాలి అంది. ఆ తీర్పు న్యూయార్క్‌ని కట్టెయ్యదులెండి, కానీ నూటపదేళ్ళ తర్వాత కూడా అదే తప్పా?

చివరికి 2010 మార్చిలో నిషేధం ఎత్తేసి షరతులు పెట్టారు. పెట్టెలు రిజిస్టర్ చెయ్యాలి. గుంపు లేస్తే పెంచేవాడే చూసుకోవాలి. దగ్గర్లో ఎప్పుడూ నీళ్ళుండాలి. నాకు నచ్చింది ఈ నీళ్ళ షరతే. ఈగలకి దాహమేస్తే పక్కింటి కొళాయి దగ్గరకీ, స్విమ్మింగ్ పూల్‌కీ పోతాయి, గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి. ఈగల్ని ఎరిగినవాడు రాసిన రూలది. అన్నట్టు, అనుమతి యూరప్ తేనెటీగకి మాత్రమే. మన పుట్ట తేనెటీగకి వీసా లేదు :)

2018 ఆగస్టులో టైమ్స్ స్క్వేర్‌లో ఓ హాట్‌డాగ్ బండి గొడుగు మీద వేల ఈగలు వాలాయి. తేనెటీగల పని తెలిసిన ఓ పోలీసాయన వాక్యూమ్‌తో మెల్లిగా పీల్చి పట్టుకుపోయాడు.