కిడ్నీలో నీటి తిత్తులు: ఏ వైద్యం ఎవరికి పనిచేస్తుందో స్కానింగ్ ఎలా చెబుతుంది?

కడుపునొప్పి అనో, బీపీ అనో స్కానింగ్‌కి వెళ్తే రిపోర్టులో "కిడ్నీలో సిస్ట్" అని వస్తుంది. ఇక ఇంటిల్లిపాదికీ కంగారే. రెడ్డిగూడెం చుట్టుపక్కల ఈ భయం మరీ ఎక్కువ. దగ్గర్లోని ఎ.కొండూరు మండలం తండాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని కుటుంబాలను దెబ్బతీసిందో అందరికీ తెలుసు. కానీ ఆ జబ్బు వేరు, నీటి తిత్తి వేరు. మామూలుగా దీర్ఘకాలిక కిడ్నీ జబ్బులో కిడ్నీలు కుంచించుకుపోతాయి. వంశపారంపర్య తిత్తుల జబ్బులో మాత్రం పెరిగి పెద్దవవుతాయి.

ఒకటి రెండు తిత్తులు ఉంటే

యాభై దాటినవారిలో మామూలు నీటి తిత్తి చాలా సాధారణం. పలుచని గోడ, లోపల నీళ్లు తప్ప ఏమీ లేకపోతే, బాధ కూడా లేకపోతే మందు అక్కర్లేదు. తిత్తి రూపాన్ని బట్టి క్యాన్సర్ ప్రమాదాన్ని అంచనా వేసే పద్ధతిని 1986లో మోర్టన్ బోస్నియాక్ అనే రేడియాలజిస్టు తెచ్చారు. 2019లో దాన్ని సవరించి ఎం.ఆర్.ఐ.ని కూడా చేర్చారు. క్లాస్ 1, 2 అంటే భయం లేదు. 2-ఎఫ్ అంటే 6 నెలలకు, ఏడాదికి, ఆపైన ఏటా ఒకసారి చొప్పున మొత్తం 5 ఏళ్లు స్కాన్ చేయించుకోవాలి. 3లో దాదాపు సగం, 4లో అత్యధిక భాగం క్యాన్సర్ అవుతాయి.

పెద్ద తిత్తి నొప్పి పెడుతుంటే స్కాన్‌లో చూస్తూ సూదితో నీరు తీస్తారు. ఉత్తగా తీస్తే చాలాసార్లు మళ్లీ నిండుతుంది. అందుకే లోపలి పొర ఎండిపోయేలా ఆల్కహాల్ లాంటి మందు ఎక్కిస్తారు. ఒకే గది ఉన్న తిత్తికి ఇది బాగా పనిచేస్తుంది. లోపల అనేక గదులుంటే ఫలితం తగ్గుతుంది. మూత్రం దారితో తిత్తికి సంబంధం ఉంటే ఆల్కహాల్ ఎక్కించకూడదు. ఇవన్నీ ముందే చెప్పేది స్కానే.

రెండు కిడ్నీల నిండా తిత్తులు ఉంటే

ఇది పాలీసిస్టిక్ కిడ్నీ జబ్బు కావచ్చు. అమ్మానాన్నల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం 50 శాతం. పెద్దల్లో కనిపించే ఈ రకానికి దగ్గరి చుట్టరికంలో నికాహ్ కారణం కాదు. పసిపిల్లల్లో వచ్చే అరుదైన మరో రకానికి మాత్రం మేనరికంతో ముప్పు పెరుగుతుంది.

ఇక్కడ క్రియాటినిన్ ఒక్కటే చూస్తే మోసపోతాం. ఏళ్ల తరబడి అది మామూలుగానే ఉంటుంది, లోపల కిడ్నీ పెరిగిపోతూ ఉంటుంది. అందుకే కిడ్నీ పరిమాణం కొలుస్తారు. పొడవు, వెడల్పు, మందం సెంటీమీటర్లలో గుణించి 0.52తో హెచ్చిస్తే మిల్లీలీటర్లు వస్తాయి. ఉదాహరణకు 16, 8, 7 అయితే సుమారు 466. రెండు కిడ్నీలూ అంతే ఉంటే 932. మనిషి ఎత్తు 1.6 మీటర్లయితే, దాంతో భాగిస్తే 582.

ఈ అంకెను వయసుతో పోల్చి 1-ఎ నుంచి 1-ఇ వరకు అయిదు తరగతులు చేసే పద్ధతిని అమెరికాలోని మాయో క్లినిక్ వైద్యులు 2015లో ప్రచురించారు. అదే 582 ఉన్న 28 ఏళ్ల యువకుడు 1-డి, అంటే వేగంగా ముదిరే రకం. 60 ఏళ్ల పెద్దాయన 1-బి, అంటే నెమ్మది రకం. టోల్వాప్టాన్ మాత్ర వల్ల మేలు ఎక్కువగా జరిగేది వేగంగా ముదిరేవారికే. 1445 మందిపై జరిగి 2012లో వెలువడిన పరిశోధనలో కిడ్నీ పెరుగుదల ఏడాదికి 5.5 శాతం నుంచి 2.8 శాతానికి తగ్గింది. ఈ మందు జబ్బును నయం చేయదు, డయాలసిస్ రోజును వెనక్కి నెడుతుంది. నెమ్మది రకం వారికి ఆ ఖర్చు, ఆ ఇబ్బంది దండగ.

మన ఇళ్లలో గుర్తుంచుకోవాల్సినవి

* టోల్వాప్టాన్‌తో దాహం, మూత్రం విపరీతం. నీళ్లు మానకూడదు. రంజాన్‌కు ముందే డాక్టరును, ఆలిమ్‌ను అడగండి. జబ్బు మనిషికి రోజా విషయంలో షరీఅత్ సడలింపు ఇచ్చింది. లివర్ పరీక్షలు కూడా తప్పనిసరి.
* కాంట్రాస్ట్ ఇంజక్షన్ ఇచ్చే సి.టి.కి ముందు క్రియాటినిన్ ఎంతో చెప్పండి. పరిమాణం కొలిచే ఎం.ఆర్.ఐ.కి ఆ ఇంజక్షన్ అక్కర్లేదు.
* అన్నకు తమ్ముడు కిడ్నీ ఇస్తానంటే, ముందు తమ్ముడికి స్కాన్ తప్పదు. అదే జబ్బు ఆయనలోనూ దాగి ఉండొచ్చు.
* బీపీ, ఉప్పు అదుపులో ఉంచుకోవడం అందరికీ వర్తిస్తుంది.
* పాత ఫిల్ములు, సీడీలు పారేయకండి. మైలవరం వెళ్లినా, విజయవాడ వెళ్లినా వెంట తీసుకెళ్లండి. పోయినసారికీ ఈసారికీ ఎంత పెరిగిందో డాక్టరుకు తెలిసేది వాటితోనే.