ద్రవ్యమా, ఆకృతియా? – వస్తువులచే దేశాంతర కళాబోధనము

పదమునకు అర్థము ద్రవ్యమని వ్యాడియు, ఆకృతియని వాజప్యాయనుఁడును జెప్పినట్లు వ్యాకరణశాస్త్రమున వినుచున్నాము. ఎదుట నిలిచిన యొక్క గోవు ద్రవ్యము. ఆ గోవునందును తక్కిన గోవులన్నిటియందును సమానముగా నుండునది యాకృతి. పతంజలి మహాభాష్యారంభమున నీ రెండు పక్షములను జూపి, రెండును బాణిని కిష్టమే యని తేల్చెను. ఈ చర్చ శబ్దశాస్త్రమునకే పరిమితమని తోఁపవచ్చును. కాని దేశాంతరముల కళలను, ఆచారములను బాలురకు వస్తువుల మూలమునఁ దెలుపు పద్ధతియొక్క చరిత్రను బరిశీలించినచో, అచ్చటను బ్రశ్న యిదియే. బాలుని చేతికిచ్చునది యొక ద్రవ్యము; వాఁడెఱుఁగవలసినది యొక జనుల జీవితము. ఈ రెంటి నడుమ దారి వేయువాఁడు ఉపాధ్యాయుఁడు.

ఐరోపాలో విద్యను పదములనుండి వస్తువులవైపు మరల్చినవారిలోఁ గొమీనియసు మొదటఁ జెప్పఁదగినవాఁడు. ఆయన 1658లో నూరెంబర్గు నగరమునఁ బ్రకటించిన చిత్రగ్రంథమునందు లాటిను పదములతోపాటు తద్వస్తువుల చిత్రములును నిలిచినవి. కన్నును జేయియు ముందు నడవఁగా బుద్ధి వెనుక నడచునని యాయన మతము. స్విట్జర్లాండు దేశీయుఁడైన పెస్తలాజీ (1746–1827) యీ మతమును బాఠశాలలయం దాచరణమునఁ బెట్టెను. ఆయన ననుసరించి ఎలిజబెత్ మేయో యింగ్లండున వస్తుపాఠములను రచించెను. గాజు, తోలు, చక్కెర మున్నగువానిని బిల్లల చేతికిచ్చి, ఇది పెళుసు, ఇది మెత్తన, ఇది కరఁగునది యని వారిచేతనే చెప్పించుట యీ పాఠముల తీరు. ఇవి ద్రవ్యగుణములను నేర్పినవి. ఆ గాజు నూదినదెవరు, ఆ తోలును బదును చేసినదెవరు అను విచారము వీనికి ముఖ్యము గాదు.

వస్తువును బట్టి జనులను దెలిసికొనుటకు మిక్కిలి నేర్పుతోఁ జేయఁబడిన ప్రయత్నములలో నొకటి మన వస్త్రములను గూర్చినదే. లండనునందలి ఇండియా మ్యూజియముతో సంబంధించిన జాన్ ఫోర్బెసు వాట్సను 1866లో భారతదేశపు నేతలను 18 సంపుటములుగాఁ గూర్చెను. అవి చదువుటకుఁ గాక, చూచి ముట్టుటకు ఉద్దేశింపఁబడినవి. ఒక్కొక్క కూర్పున నిజమైన గుడ్డముక్కలు 700 అతికింపఁబడినవి. అట్టి కూర్పులు 20 సిద్ధపఱచి, 13 బ్రిటనునందును, 7 భారతదేశమునందును బంచిరి. కొన్నచోటు, నిడివి, వెడల్పు, తూకము, వెల మున్నగు సంగతులు వానితోఁ జేర్చిరి. మద్రాసు రాజధాని వస్త్రములును నందున్నవి. చేతితో ముట్టి నేర్చుటకు ఇంతకంటె దొడ్డ సాధనమును గల్పించుట కష్టము. కాని ప్రధానప్రయోజన మేమి? మనవారి కట్టుబడిని జక్కఁగాఁ దెలిసికొని, దానికి సరిపడు బట్టను ఇంగ్లండు మరలపై నేసి మనకే యమ్ముట. కట్టువానిని గూర్చి యంత శ్రద్ధ వహించిన యా సంపుటములు నేసినవానిని గూర్చి మౌనము వహించినవి. ఆ సంపుటములే నేఁడు మన నేతచరిత్రకు అమూల్యమైన సాక్ష్యములగుట వేఱుమాట.

అమెరికాలోని సెయింట్ లూయిసు నగరమున జరిగిన ప్రయత్న మింకొకవిధమైనది. 1904లో ఏప్రిలు 30 మొదలు డిసెంబరు 1 వఱకు నచ్చట సర్వదేశ ప్రదర్శనము జరిగెను. అది ముగియఁగానే యా నగరపు పాఠశాలాధికారులు ప్రదర్శితవస్తువులలోఁ గొన్నింటిని సంపాదించి, 1905లో నొక విద్యాప్రదర్శనశాలను స్థాపించిరి. కార్లు రాత్మను దీనికిఁ బ్రేరకుఁడు. అమీలియా మైస్నరు దీని పాలకురాలు. బాలురు ప్రదర్శనశాలకుఁ బోవుట లోకమునఁ గలదు. ఇచ్చట బ్రదర్శనశాలయే బాలురయొద్దకు వచ్చెను. ఉపాధ్యాయులు పట్టికను జూచి తమ పాఠమునకు వలయు వస్తువులను గోరఁగా, వారమున కొకసారి గుఱ్ఱపుబండి వానిని బాఠశాలకుఁ దెచ్చి, వెనుకటివానిని గొనిపోవుచుండెను. ఆహారధాన్యములు, బట్టల ముడిసరకులు, పక్షులు, పరదేశీయుల జీవితమును దెలుపు వస్తువులు, చిత్రములు, మ్యాజిక్ లాంతరు పలకలు అందుండెను. 1943లో నీ సంస్థ దృశ్యశ్రవ్య విద్యాశాఖ యను పేరు వహించెను.

ఇంతవఱకు శ్లాఘ్యమే. కాని యా వస్తువులు వచ్చిన తావును మఱవరాదు. 1898 నాఁటి యుద్ధానంతరమున ఫిలిప్పీను దీవులు అమెరికా వశమయ్యెను. 1904 ప్రదర్శనమున సుమారు 47 ఎకరముల నేలపైఁ బల్లెలను గట్టి, ఆ దీవులవారిని వేయిమందికిఁ బైగాఁ దెచ్చి చూపిరి. వారిలో ఇగొరోటులను కొండజనులు కుక్కమాంసము తినుట గొప్ప వింతగాఁ బ్రచారమయ్యెను. కొండచఱియలను మెట్లుగా మలచి, నీరు నిలిపి, వరి పండించిన జనులు వారు. ఆ నేర్పుకంటె నా వింతయే చూపఱులను లాగెను. అట్టి ప్రదర్శనమునుండి యొక బుట్టయో, బల్లెమో బాలుని చేతికి వచ్చినచో, వాఁడందు నేర్పును జూచునా, వింతను జూచునా? వస్తువు దానంతట నది చెప్పదు. ఒక్క ద్రవ్యమును జూచి, ఈ జాతి యంతయు నిట్టిదే యనుట, కొమ్ము విఱిగిన యొక్క గోవును జూచి గోజాతికే కొమ్ములు లేవనుట వంటిది. వస్తువు నెన్నఁడు నెఱుఁగక జాతుల పేరులను వల్లించుట దీనికి ఎదురుదోషము. మన పాఠశాలలకుఁ జిరపరిచితమైనది యీ రెండవది.

ఈ రెండు దోషములకు మందు వైయాకరణుల యొద్దనే కలదు. వాక్యమున క్రియకుఁ గారకము లాఱు. వస్తువును గూడ నొక క్రియయొక్క ఫలముగాఁ దలంచి, ఆ యాఱింటిని నడుగవచ్చును. చేయఁబడినది యేది? చేసినదెవరు? దేనితోఁ జేసిరి? ఎవరికొఱకు? ఎచ్చటనుండి వచ్చినది? ఎచ్చట వాడఁబడెను? ఫోర్బెసు వాట్సను సంపుటములలోఁ గర్మయు, సంప్రదానమును స్పష్టములు, కర్త లోపించెను. సెయింట్ లూయిసు ప్రదర్శనమునఁ గర్తనే ప్రదర్శనవస్తువుగాఁ జేసిరి.

ఒక్క యుదాహరణము చాలును. పదునేడవ శతాబ్దమున వలందాలు, అనఁగా డచ్చి వర్తకులు, మన తూర్పుతీరపు అద్దకపుబట్టలను జపానునకుఁ గొనిపోయిరి. అచ్చటివారు వానిని ‘సరస’ యనిరి. ఇచ్చట గర్మ బట్ట. కర్త మచిలీపట్టణప్రాంతము వంటి తావులలోని యద్దకపుపనివాఁడు. కరణములు కలము, కరక్కాయ, పటిక, చిరివేరు. అపాదానము కోరమాండలు తీరము. సంప్రదానము తేనీటిని గొప్ప తంతుగా నెఱపు జపాను రసికుఁడు. అధికరణ మాతని తేనీటిగది. అచ్చట నా బట్టతుంట పాత్రను గప్పు సంచిగా మాఱినది. ఒక గుడ్డముక్కతో మూఁడు దేశములు బాలుని యెదుట నిలుచును. వానిలో నేదియు వింతకాదు. ప్రతిదానియందును నొక పనివాఁడో, వర్తకుఁడో, రసికుఁడో కలఁడు.

మన పాఠశాలలకు దూరదేశపు వస్తువులు సులభముగా దొరకవు. అందులకు నిలువఁబనిలేదు. కొండపల్లి బొమ్మ నొకదానిని దెచ్చి, ఆ పొణికికఱ్ఱ యెచ్చటిది, చెక్కినదెవరు, రంగు లెట్లు వేసిరి, ఎవరి యింటఁ గొలువుదీఱునని యడిగింపవచ్చును. తన యూరివస్తువునందుఁ గర్తను వెదకనేర్చిన బాలుఁడు, రేపు జపాను గిన్నెనో, ఫిలిప్పీను బుట్టనో చేతఁ బట్టినపుడు, దానిని వింతగాఁ జూడక, దాని వెనుక నున్న చేతిని వెదకును. ద్రవ్యమునుండి యాకృతికిఁ బోవు దారి యిదియే. ఆ దారిని జూపనిచో, ఎన్ని వస్తువులను దెచ్చి పేర్చినను, పాఠశాల మూఁగ సంతయే యగును.