గినీ పందులు: చెన్నై చలికాలంలో శ్వాస సంరక్షణ

గినీ పంది (శాస్త్రీయ నామం: కేవియా పోర్సెల్లస్) దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లో వేల ఏళ్ల కిందటే మచ్చికైన చిన్న జంతువు. బరువు కిలో అటూ ఇటూ, ఆయుష్షు అయిదు నుంచి ఎనిమిదేళ్లు. పెంపుడు గినీ పందుల ప్రాణం తీసే జబ్బుల్లో ఊపిరితిత్తుల వ్యాధులు ముందుంటాయి. చలికాలంలో హీటర్లు పెట్టిన గదుల్లో వీటిని ఎలా చూసుకోవాలో చెప్పే సలహాలు చాలావరకు చలిదేశాలవి, చెన్నైకి యథాతథంగా పనికిరావు. ఈ ఊళ్లో వాటి ఊపిరికి అడ్డుపడేవి తేమ, పొగ, మూసిన కిటికీలు.

శ్వాస తీరు

గినీ పంది ముక్కుతోనే ఊపిరి తీస్తుంది. దాని మెత్తని అంగిలి నాలుక మొదలుతో కలిసిపోయి ఉంటుంది, నోటి నుంచి గొంతులోకి ఉన్న దారి ఒక చిన్న రంధ్రమే. జలుబు చేసి ముక్కు మూసుకుపోతే మనిషిలా నోటితో సర్దుకోవడం దానికి సాధ్యం కాదు. మామూలుగా నిమిషానికి 40 నుంచి 100 సార్లు ఊపిరి తీస్తుంది. పైగా దాని ముక్కు ఎప్పుడూ నేలకు రెండు మూడు అంగుళాల ఎత్తులోనే ఉంటుంది కాబట్టి, పరుపులోంచి లేచే దుమ్మూ మూత్రపు ఘాటూ మొదట తగిలేది దానికే.

మనిషిలాగే ఇది కూడా విటమిన్ సి ని ఒంట్లో తయారు చేసుకోలేదు. 1907లో నార్వే శాస్త్రవేత్తలు ఆక్సెల్ హోల్స్ట్, థియోడోర్ ఫ్రోలిక్ స్కర్వీ వ్యాధిని ప్రయోగశాలలో చూపగలిగింది గినీ పందుల్లోనే. విటమిన్ సి తగ్గితే వ్యాధి నిరోధక శక్తి కుంగి, న్యుమోనియా తేలికగా పట్టుకుంటుంది.

మద్రాసు క్షయ పరిశోధనలో

పెంపుడు జంతువుగానే కాదు, పరిశోధన జంతువుగానూ ఈ జీవికి మద్రాసుతో అనుబంధం ఉంది. 1956లో చేట్‌పేటలో ఏర్పడిన క్షయ కీమోథెరపీ కేంద్రంలో (నేటి జాతీయ క్షయ పరిశోధన సంస్థ) చికిత్స పొందిన రోగుల కఫం నుంచి పెంచిన సూక్ష్మక్రిములను గినీ పందులకు ఎక్కించి, వాటి తీవ్రతను బ్రిటన్ క్రిములతో పోల్చారు. దక్షిణ భారత క్రిముల్లో చాలావాటికి గినీ పందుల్లో తీవ్రత తక్కువని డి.ఎ. మిచిసన్ బృందం 1960లో ప్రకటించింది. దాదాపు అదే కాలంలో అమెరికాలోని బాల్టిమోర్‌లో రిచర్డ్ రైలీ బృందం క్షయ వార్డు గాలిని గొట్టాల ద్వారా గినీ పందుల గదిలోకి పంపి, క్షయ గాలి ద్వారా సోకుతుందని రుజువు చేసింది. వార్డులోకి అడుగుపెట్టని జంతువులకు ఆ గాలితోనే జబ్బు వచ్చింది. ఇంట్లో దీన్ని పెంచేవాళ్లు గుర్తుంచుకోవలసిన ప్రయోగం ఇది. గదిలో ఉన్న గాలి ఎలాంటిదైతే దాని ఆరోగ్యమూ అలాంటిదే.

హీటర్ అవసరమా?

గినీ పందికి 18 నుంచి 24 డిగ్రీల సెల్సియస్ హాయిగా ఉంటుంది. 30 దాటితే వడదెబ్బ భయం. చెన్నైలో జనవరి రాత్రులు సగటున 21 డిగ్రీల దగ్గర ఉంటాయి, పగలు 29 దాకా వెళ్తుంది. అంటే ధనుర్మాసపు చలి రోజులే దానికి ఏడాది మొత్తంలో అనువైన కాలం. ఆరోగ్యంగా ఉన్న పెద్ద జంతువుకు హీటర్ గానీ, బోను మీద వేలాడదీసే బల్బు గానీ అక్కర్లేదు. అప్పుడే పుట్టిన పిల్లలకూ, ముసలివాటికీ, జబ్బుపడినవాటికీ గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసాను బోనులో ఒక మూల పెడితే చాలు. వేడెక్కువైతే జరిగి కూర్చునేందుకు మిగతా చోటు ఖాళీగా ఉంచాలి.

న్యూజెర్సీలోనో లండన్‌లోనో ఉండే తెలుగువాళ్ల ఇళ్లలో పరిస్థితి వేరు. బయట సున్నా డిగ్రీల దగ్గర 80 శాతం తేమ ఉన్న గాలిని లోపల 22 డిగ్రీలకు వేడి చేస్తే సాపేక్ష తేమ 20 శాతం లోపుకు పడిపోతుంది. ముక్కు లోపలి పొర ఎండి, క్రిములను బయటికి నెట్టే శక్తి తగ్గుతుంది. అక్కడ హ్యుమిడిఫైయర్ పెట్టి తేమను 40 నుంచి 60 శాతం మధ్య ఉంచడం సబబే. చెన్నైలో ఈశాన్య రుతుపవనాల వేళ గాలిలో తేమ ఎటూ ఎక్కువే, దానికి ఇంకా తేమ కలపడం బూజును పిలవడమే.

తేమ, పొగ

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ముసురు పట్టినప్పుడు పరిచిన గుడ్డలు ఆరవు, గడ్డి మెత్తబడి బూజు పడుతుంది. తడిసిన పరుపులో మూత్రం కుళ్లి అమ్మోనియా లేస్తుంది. మన ముక్కుకు ఆ ఘాటు తెలిసిందంటే గినీ పంది అంతకు ముందు నుంచే దాన్ని పీలుస్తోందని అర్థం. తడిసిన చోటు రోజూ తీసేయాలి, గుడ్డలు రెండు మూడు జతలు ఉంచుకోవాలి. గాలి ఆడని గాజు తొట్టెలో దీన్ని పెంచడం తప్పు. దేవదారు, పైన్ పొట్టు వాసనలు ఊపిరితిత్తులకు మంచివి కావు, సన్నని రంపపు పొట్టూ అంతే.

వానలు తగ్గగానే దోమలు. బోను ఉన్న గదిలో దోమల చుట్ట, సాంబ్రాణి, అగరొత్తులు వెలిగించకూడదు. బోను మీద దోమతెర కప్పడం అన్నిటికన్నా మేలు. భోగి తెల్లవారుజామున నగరమంతా పొగ కమ్ముతుంది. 2018 భోగినాడు ఆ పొగమంచుకు చెన్నై విమానాశ్రయంలో విమానాల రాకపోకలే దెబ్బతిన్నాయి. ఆ ఒక్క ఉదయం మాత్రం కిటికీలు మూసి, బోనును ఇంటి లోపలి గదికి మార్చాలి, ఎండ ఎక్కి పొగ విడిపోయాక తెరవాలి. ఏసీ వేస్తే 24 డిగ్రీల దగ్గర ఉంచాలి, గాలి నేరుగా బోను మీద పడకూడదు, ఫిల్టరు కడుగుతుండాలి.

ఆహారం

రోజుకు కిలో బరువుకు 10 నుంచి 30 మిల్లీగ్రాముల విటమిన్ సి కావాలి. క్యాప్సికం ముక్కలు, కొత్తిమీర, చిన్న జామ ముక్క దీనికి సరిపోతాయి. జామలో తీపి ఉంది కాబట్టి మోతాదు మించకూడదు. విటమిన్ సి చుక్కలను నీళ్లలో కలిపితే అది త్వరగా చెడిపోతుంది.

జబ్బు, చికిత్స

గడ్డి తింటూ ఒకటి రెండు సార్లు తుమ్మడం మామూలే. ముఖం శుభ్రం చేసుకునేటప్పుడు కళ్ల నుంచి వచ్చే పాలలాంటి ద్రవమూ జబ్బు కాదు. ముక్కు కారడం, కంటి చుట్టూ పక్కు కట్టడం, ఊపిరిలో టిక్కుటిక్కుమనే శబ్దం, డొక్కలు ఎగరేయడం, మేత మానేయడం మాత్రం ప్రమాద సూచనలు. నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే గంట కూడా ఆగకుండా పశువైద్యుడికి చూపించాలి. న్యుమోనియాకు ముఖ్య కారణాలు బోర్డెటెల్లా బ్రాంకిసెప్టికా, స్ట్రెప్టోకాకస్ న్యుమోనియే అనే బాక్టీరియాలు. మొదటిది కుందేళ్లు, కుక్కల్లో పైకి కనిపించకుండానే ఉండగలదు కాబట్టి కుందేలుతో ఒకే బోనులో ఉంచకూడదు.

చెన్నైలో 1903లో మొదలైన మద్రాసు పశువైద్య కళాశాల ఆసుపత్రి వేపేరిలో ఉంది. అక్కడికి తీసుకెళ్లే బదులు ఇంట్లో ఉన్న అమోక్సిసిలిన్ సిరప్ పోయడం మాత్రం ఎన్నడూ చేయకూడదు. నోటి ద్వారా ఇచ్చే పెన్సిలిన్ జాతి మందులు గినీ పంది పేగుల్లోని మేలు చేసే బాక్టీరియాను చంపి, క్లాస్ట్రీడియం బాక్టీరియా విషాలకు దారి తీస్తాయి. జలుబుతో బతకగల జంతువు ఆ మందుతో కొద్ది రోజుల్లోనే చనిపోవచ్చు.